మా నాయనమ్మ నిలబడ్డ లైను

నేను డిగ్రీ పాసైన. యాభై ఏండ్లు దాటినంక, దూరవిద్యల. మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. పొద్దుగాల రిజల్టు చూసిన కాడి నుంచి ఫోన్ చేతుల పట్టుకొనే తిరుగుతాన. సంతోషం ఎంతున్నదో అలసట గూడ గంతే ఉన్నది. ఇరవై ఏండ్లాయె, దవాఖానల హెచ్‌ఐవీ పరీక్ష రూం ముంగట కూసొని, మొకం దాసుకొని వచ్చెటోళ్లతోని మాట్లాడుడే నా పని. ఈ పనిల ఎందుకు పడ్డవని అడుగుతరు. దానికి ఒక్క దినం సంగతి చెప్పాలె.

నా చిన్నప్పుడు, ఎనభైలల్ల, మట్టెవాడల మాది మగ్గం ఇల్లు. మగ్గం కూడు పెడ్తలేదని మా చిన్నాయన భీవండికి పోయిండు, సాంచాలు, అంటె కరెంటు మగ్గాలు నడిపేటందుకు. ఒక్క రూంల పన్నెండు మంది. ఆరుగురు సాంచాల కాడుంటె ఆరుగురు పండుకునుడు. పెండ్లాం పిల్లలు ఊళ్లె. సెలవు దినం తాగుడు, తాగినంక అందరు గలిసి సానికొంపల గల్లీకి పోవుడు. రానన్నోన్ని "నువ్వు మొగోనివేనా" అని వారం దినాలు నవ్వుడు. ఇదంత చిన్నాయన చానేండ్లకు నాతోని చెప్పుకున్నడు.

ఆయనకు పాలకుర్తి పిల్లతోని పెండ్లి ఖాయమైంది. ఇంటికొచ్చిండు గాని సక్కగ నడువలేడు. బజార్ల పొట్లాలు కట్టిచ్చే ఒకాయన దగ్గర చాటుంగ మందు తింటాండు. నాయనమ్మ పసిగట్టింది. "రోగం నీది. పెండ్లయితె ఆ పిల్లది గూడ అయితది. దవాఖానకు నడువు" అన్నది.

"అవ్వా, ఆ లైన్ల మనోళ్లెవలన్న చూస్తె నేను బతకను" అన్నడు.

తెల్లారి నాయనమ్మ మోకాళ్లు పట్టుకొని మూలిగింది. చిన్నాయన రిక్షా పిలిచిండు. చీటీ చదువుతందుకని నన్ను గూడ ఎక్కించుకున్నది. దవాఖానకు పోయినంక, సుఖవ్యాధులని ఏడ రాసున్నదో చూడు బిడ్డా అని చెవుల చెప్పింది. నాకు దాని అర్థం తెల్వదు. ఆ బోర్డు దొరకంగనే బడిల పాఠం చదివినట్టు గట్టిగ చదివిన. లైన్ల ఉన్న మొగోళ్లందరు గోడ దిక్కు తిరిగిన్రు. నాయనమ్మ పోయి ఆ లైన్లనే నిలబడ్డది. చిన్నాయన గేటు కాడికి ఉరికిండు.

ముంగటున్న ఒకాయన నవ్విండు. "ముసలమ్మా, మోకాళ్ల డాక్టర్ అటు దిక్కున్నడు."

"ఎరికే కొడుకా. మావోనికి సిగ్గయితాంది. వాని సిగ్గు జర సేపు నేను మోస్తాన."

నువ్వు గూడ భీవండేనా అని ఆయన్నే అడిగింది. ఆయన తల ఊపిండు. ఇంట్ల ఎరికేనా అంటె, ఎవ్వలకు చెప్పలేదన్నడు. నాయనమ్మ గంట సేపు నిలబడ్డది. మూలుగుడు అబద్ధమే గాని, మోకాళ్లు ఇప్పుడు నిజంగనే వాచినయి. అప్పుడొచ్చిండు చిన్నాయన. "జరుగవ్వా, నువ్వు కూసో" అని ఆమె జాగల నిలబడ్డడు.

సూదులేసిన్రు, తగ్గింది. నాయనమ్మ పాలకుర్తికి పోయి పిల్ల తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. పెండ్లి మూణ్ణెల్లు ఎనుకకు పోయింది గాని తప్పలే. చిన్నాయన మళ్ల భీవండికి పోయిండు. ఈసారి చిన్నమ్మను తోలుకొనే పోయిండు, వేరే రూంల ఉన్నడు.

తర్వాత సూదులకు పోని రోగం వచ్చింది. ఆ పాత రూమోళ్లు ఒక్కొక్కలే ఊళ్లకొచ్చి మంచం పట్టిన్రు. చిన్నాయనకు తగ్గిన రోగమే వాళ్లకు గూడ ముందునుంచి ఉండె. ఎవ్వలకు చెప్పుకోలే, ఏ లైన్ల నిలబడలే.

మా డిగ్రీ పుస్తకంల దీన్ని సామాజిక కారణాలు అని రాసిన్రు. పరీక్షల ఆ జవాబు రాస్తాంటె ఆ రూమోళ్లే యాదికొచ్చిన్రు. ఇప్పటికి గూడ ఎవలన్న మా రూం తలుపు కాడ ఆగి ఎనుకకు మర్లుతాంటె, నేనే లేచి పోయి పక్కన నిలబడ్త. కాళ్లు గుంజుతై. ఐనా నిలబడ్త.

ఇంక ఫోన్లు చెయ్యాలె. ముందు చిన్నాయనకు. చిన్నమ్మకు వేరేగ, ఆయన చెప్తె సగమే చెప్తడు. కేసముద్రంల మా చెల్లెకు. నాతోని పరీక్ష రాసిన నర్సమ్మకు. ఆ పాత రూమోళ్లల్ల ఫోన్ ఎత్తెటోడు చిన్నాయన ఒక్కడే మిగిలిండు, అందుకని పోయినోళ్ల పెండ్లాలకు, ఒక్కొక్కలకు.