ఒక మెట్టు కింద

మా సాలూరు మావయ్య పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను గజపతినగరంలో నా షాపులో ఒక పెళ్లి వీడియోకి పాట అతికిస్తున్నాను. "మీ మావ ఎల్లిపోనాడే" అంది అత్తయ్య. తరవాత, "కుర్సీలో కూకునే ఎల్లిపోనాడు. సేతిలో టీగ్లాసు అలాగే ఉన్నాది" అంది. గుండె. బరువులు ఎత్తొద్దని, ఎండలో తిరగొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. ఆ సంగతి నాకు తెలియనివ్వలేదు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఆయన మా అమ్మ తమ్ముడు. లారీ రేడియేటర్లు బాగుచేసేవాడు. ఒడిశా వైపు ఘాట్ ఎక్కే లారీల ఇంజన్లు మధ్యలో కాగిపోకుండా చూడడమే ఆయన బతుకుతెరువు. ఏ ఇంజను దగ్గరికి వెళ్లినా ముందు చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు. అరచేయి పని చేసీ చేసీ మొద్దుబారిపోయిందట, దాని మాట నమ్మకూడదట. వేడితో అంత సావాసం చేసిన మనిషి టీ మాత్రం పూర్తిగా చల్లారితే తప్ప తాగడు. గ్లాసు పట్టుకుని అలా కూర్చుంటాడు.

ఇంకో అలవాటు. బాగుచేసిన ప్రతి రేడియేటరు లోపలివైపు తెల్ల పెయింటుతో రెండు ముక్కలు రాసేవాడు, ఎక్కడ అతుకు వేశాడో, ఏది బలహీనమో. "ఎవులికి మావా ఇదంతా?" అంటే, "మళ్లీ ఇప్పినోళ్లకి తెలవాలి గదే" అనేవాడు.

నేను పెళ్లి వీడియోల పని మొదలుపెట్టినప్పుడు సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు ఒకటి కొన్నాను. మూడు గంటల పెళ్లి తయారవడానికి దానికి రోజంతా పట్టేది. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించవచ్చని నెట్‌లో చదివి మావయ్యకి చెప్పాను. మర్నాడే బస్సెక్కి వచ్చేశాడు. కంప్యూటరు డబ్బా విప్పి, ప్రాసెసర్ మీదున్న అల్యూమినియం రెక్కల్నీ ఫ్యానునీ చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "ఓలమ్మ! ఇది బుల్లి రేడియేటరే!"

ఆయనకి ఇంగ్లిషు రాదు, నాకు వేడి సంగతి తెలియదు. నేను చదివి చెప్పేదాన్ని, ఆయన ఆలోచించేవాడు. వేగం ఒక మెట్టు పెంచడం, గంటసేపు బరువైన పని ఇచ్చి చూడడం. తట్టుకోలేక ఆగిపోతే వోల్టేజీ రవ్వంత పెంచడం. వోల్టేజీ పెంచితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మళ్లీ ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలన్నదే లెక్క. వేగం 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఎక్కింది. మావయ్య 4.2కి దించేశాడు.

"బాగానే ఎక్కుతన్నాది గదా మావా?" అన్నాను.

"ఇది జనవరి. సలికాలంలో ఏ బండైనా ఘాటెక్కీస్తాది. మే నెల మిట్టమజ్జానం సూడు, అప్పుడు సెప్పు."

నేను వినలేదు. ఆయన బస్సెక్కగానే 4.5 పెట్టేశాను, దానికి తగ్గట్టు వోల్టేజీ కూడా. ఫిబ్రవరి, మార్చి చక్కగా నడిచింది. మావయ్యది ఉత్త చాదస్తం అనుకున్నాను.

మే నెల వచ్చింది. నా షాపుకి రేకుల కప్పు. ఒక పెళ్లికూతురు మర్నాడు పొద్దున్న రాయగడ వెళ్లిపోతోంది, డీవీడీ చేత్తో పట్టుకెళ్లాలని ఆమె ఆశ. మధ్యాహ్నానికి కంప్యూటరు మూడుసార్లు చచ్చి ఊరుకుంది. ఆ వీడియో ఇవ్వలేకపోతే ఊళ్లో నాకు ఇంకో పెళ్లి ఆర్డరు రాదు. ఏడుస్తూ ఫోన్ చేశాను. ఆ ఎండలో సాలూరు నుంచి వచ్చాడు. చేతి వెనకవైపు డబ్బాకి ఆనించాడు, నా వంక చూశాడు. దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ రెక్కలకీ మధ్య ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాసి, మళ్లీ 4.2కి దించాడు.

అంతలో పెళ్లికూతురి నాన్న వచ్చి కేకలు మొదలుపెట్టాడు. మావయ్య లేచి నిలబడ్డాడు. "తప్పు నాదండి. పిల్ల వొద్దన్నా నేనే దీన్ని ఎక్కువ తోలీసినాను. సందేలకి అయిపోద్ది, కూకోండి" అన్నాడు. ఆయన అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. సాయంత్రానికి డీవీడీ ఇచ్చాం. ఈవాళ నా షాపు నడుస్తోందంటే ఆ అబద్ధం వల్లే.

అప్పటినుంచి ఏటా ఎండలు ముదరకముందే ఆయనే వచ్చి డబ్బా విప్పేవాడు. ఆ వేళ నేను బయట టీ చెప్పడానికి పోయేదాన్ని. లోపల ఏం చేసేవాడో అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈ ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఫోటోలూ, పెళ్లి వీడియోల్లో ఆయన పడ్డ ముక్కలూ కలిపి వీడియో చెయ్యమంది అత్తయ్య. "మీ మావ నవ్వు ఒకపాలి అందరికీ సూపించీయే" అంది. శనివారం మధ్యాహ్నం దాకా ముక్కలు ఏరుతూనే ఉన్నాను. వేగం కాస్త పెంచితే తొందరగా తేలుతుంది కదా అనిపించింది. పెంచేముందు దుమ్మయినా దులుపుదామని మొదటిసారి నా చేత్తో డబ్బా పక్కరేకు విప్పాను.

రేకు లోపలివైపు తెల్ల పెయింటు. ఏడాదికో వరుస. 4.2. తరవాతి ఏడు 4.1. ఆ తరవాత 4.0. నిరుటిది 3.9, పక్కన "పిల్ల కనిపెట్టనేదు." ఈ ఏటిది 3.8. దాని కింద వంకర అక్షరాలు: "ఇప్పినోళ్లకి. పాతదైపోనాది. తోల్తే ఇంకా ఎక్కుతాది. తోలకండి."

నేల మీద కూలబడి ఏడ్చాను. కంప్యూటరుకి ఏటా ఒక మెట్టు దించిన మనిషి, తనకి మాత్రం ఒక్క మెట్టూ దించుకోలేదు.

రేకు బిగించేశాను. వేగం ముట్టుకోలేదు. ఐదు గంటలు పడుతుందని చూపించింది. పట్టనీ అనుకున్నాను. తెర మీద, ఎవరిదో పెళ్లి భోజనాల వరసలో మావయ్య టీగ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, ఫ్రేము తరవాత ఫ్రేముగా, నెమ్మదిగా. నేను డబ్బా వెనక వచ్చే గాలికి చేతి వెనకవైపు ఆనించాను. గోరువెచ్చగా ఉంది.