ఏడవని బొమ్మ

టేకులపల్లిలో నర్సులకు, పుట్టగానే ఏడవని శిశువుకు గాలితిత్తితో ఊపిరి అందించడం రబ్బరు బొమ్మపై నేర్పేవాణ్ణి. బొమ్మ అచ్చం శిశువులా ఉండాలని ఎవరైనా అంటే, అలా ఉంటేనే బాగా నేర్చుకుంటారనడానికి ఆధారం అడిగేవాణ్ణి. తిత్తిని సరిగా నొక్కితే బొమ్మ ఛాతీ లేస్తుంది. నేర్చుకోవడానికి అది చాలని నా నమ్మకం.

ఒక నర్సమ్మకు సందేహం వచ్చింది. "సార్, గీ బొమ్మ ఏడ్వదు, రంగు మారదు. ఎప్పుడు ఆపాల్నో ఎట్ల తెలుస్తది?"

"నేను గంట కొట్టినప్పుడు ఆపమ్మా," అన్నాను. అందరూ నవ్వారు.

ఆ వానాకాలం తనిఖీ కోసం ఆమె పనిచేసే అడవి పల్లెకు వెళ్లాను. ఆమె చాప మీద మోకరిల్లి, అప్పుడే పుట్టిన బిడ్డకు గాలి కొడుతోంది. మొదలుపెట్టి గంట దాటిందని బిడ్డ అమ్మమ్మ చెప్పింది. స్టెతస్కోపు పెట్టి విన్నాను. గుండె చప్పుడు లేదు. ఒళ్లు చల్లబడింది.

"ఇక ఆపమ్మా."

"ఛాతీ లేస్తుంది గద సార్! మీ బొమ్మ ఒక్కసారన్న సచ్చిందా?"

బొమ్మ మరోలా ఉంటే ఆ బిడ్డ బతికేదనడానికి ఆధారం లేదు. ఆపడం మాత్రం ఆమెకు నేను నేర్పలేదు. తర్వాతి తరగతికీ అదే బొమ్మ వచ్చింది. నేను గంట కొట్టాను; అందరూ ఆపేశారు.