తోమిన గాజు

2006 ఆగస్టు. ప్రయోగశాల బీరువాకు నేను అంటించిన ‘లోపలి గాజు ముట్టరాదు’ అన్న కాగితాన్ని, చూడడానికి బాగాలేదని శాఖాధిపతి పీకించారు.

సెప్టెంబరు. నేను గద్వాలలో పరీక్షల పనిమీద ఉండగా ఆ గాజును తోమించారు.

అక్టోబరు. ‘అధ్యాపకుని అజాగ్రత్త వల్ల పాడైనవి’ అని, నాకు చెప్పకుండా, స్టాకు రిజిస్టరులో రాశారు.

ఆ తరువాత శాఖాధిపతికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

అప్పుడు నేను వనపర్తిలో జంతుశాస్త్రం బోధించేవాడిని. హైదరాబాదులోని ఒక పరిశోధనశాల నా అభ్యర్థన మన్నించి నాలుగు గాజు బిళ్లలు పంపింది. వాటి మీద పలుచని ప్లాస్టిక్ పూత. ఆ పూతలో, వెంట్రుక మందంలో వందో వంతు వెడల్పున్న చాళ్లు. చాళ్లు కంటికి ఆనవు. వెలుతురుకు పట్టుకుంటే మాత్రం ఇంద్రధనుస్సు రంగులు కదులుతాయి. బీచుపల్లిలో జాలరి అప్పుడే పట్టిన చేప పొలుసును పోషక ద్రవంతో తడిపి బిళ్లపై ఉంచితే, మరునాటికి చర్మకణాలు పొలుసు అంచు దాటి ప్రాణంతో పాకుతాయి. మామూలు గాజుపై తలోదిక్కుకు పోయే ఆ కణాలు, ఇక్కడ సాలు తప్పని ఎడ్లలా చాళ్ల వెంటే సాగాయి. సూక్ష్మదర్శినిలో చూస్తూ పావుగంటకొకసారి వాటి బొమ్మ గీశాను. రెండుసార్లు అట్లే జరిగింది. మూడోసారీ జరిగితేనే నమ్మాలన్నది నా నియమం.

గద్వాల నుంచి తిరిగొచ్చేసరికి బిళ్లలలో రంగులు లేవు. తనిఖీకి ముందు గాజుసామానంతా బూడిదతో తోమడం మా కళాశాలలో ఆనవాయితీ. ప్రయోగశాల శుభ్రం చేసే ఆయమ్మ సంబరంగా చూపించింది.

“సూడుండ్రి సారూ, జిడ్డంత పోయింది. ఎంత తోమినా పోకపాయె!”

“అది జిడ్డు కాదమ్మా. ఎవరు తోమమన్నరు?”

“పెద్దసారే. రంగులు గొడ్తున్నయి, ఎవడో కిరసనాయిలు పోసిండన్నడు. నన్నేమన్న అంటరా సారూ?”

ఆమెను ఏమీ అనలేదు. శాఖాధిపతి గదికి వెళ్ళాను. ఆయన నవ్వారు.

“చేప తెచ్చుకున్నోళ్లు కూర వండుకుంటరు. మీరేమో పొలుసు ముందల పెట్టుకొని కూసున్నరు. నాలుగు గాజుముక్కలకు గింత లొల్లేంది సారూ?”

రిజిస్టరులోని వాక్యం నకలు పరిశోధనశాలకు చేరింది. జాగ్రత్తపరచలేని వారికి మళ్ళీ పంపలేమని వారు రాశారు. మూడో పరిశీలన జరగలేదు. ఆ రెండింటినీ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నాటి శాఖాధిపతి ఇప్పుడు నాగర్‌కర్నూలులో ఉన్నారు. ఈ పుటల ప్రతిని ఆయనకు పంపుతూ అడుగుతున్నాను: అయ్యా, గాజు తోమమన్నది మీరా, కాదా? మీరే అయితే, ఆ వాక్యం తప్పని కళాశాలకూ పరిశోధనశాలకూ తెలియజేయండి. కాకుంటే ఎవరో రాయండి. సమాధానం మీ చేతిరాతలో, సంతకంతో, తేదీతో నాకు అందాలి. ఫోనులో చెప్పినదానిని జవాబుగా స్వీకరించను.