పోసిన చెయ్యి, పలికిన నోరు

ఆ యూనివర్సిటీలో ఆవిడని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. తాళాలమ్మ అనేవాళ్ళు. నడుముకి వేలాడే తాళాలగుత్తి చప్పుడు ముందొచ్చేది, ఆవిడ తరవాత వచ్చేది. చదువు అంతంతమాత్రం. సంతకం పెడుతుంది, తలుపుల మీది పేర్లు కూడబలుక్కుంటుంది, అంతే. అయినా ఏ ఆచార్యుడికి ఏ ఆచార్యుడితో మాటల్లేవో, ఎవరి బీరువాలో పుస్తకాలకంటే బిస్కట్లు ఎక్కువో ఆవిడకి తెలిసినంత పైవాళ్ళకి తెలీదు.

పై అంతస్తు కొసన దైవశాస్త్ర విభాగం. దాని పక్కగదిలో విరిగిన కుర్చీలు పడేసేవాళ్ళు.

"మీ దేవుడికి విరిగిన కుర్చీల పక్కన ఇచ్చారేంటి తాళాలమ్మా చోటు?" అనేవాడు లెక్కల విభాగం అటెండరు.

"విరిగినవాటి పక్కన కాక ఇంకెక్కడుంటాడు? నీలాంటి నిక్షేపంగా ఉన్నవాళ్ళతో ఆయనకేం పని?" అనేది.

ఆ విభాగమంటే ఆవిడకి అంత గర్వం. చెల్లెలి కొడుకు అందులోనే పరిశోధన చేస్తున్నాడు మరి. నెలలు నిండకుండా పుట్టాడు, గుప్పెడంత ఉండేవాడు. అందుకని ఇంట్లో వాడి పేరు గుప్పెడు. ఆ గుప్పెడు ఇప్పుడు తల వంచకుండా గుమ్మం దాటలేడు. ఈ థీసిస్ గండం గట్టెక్కితే, వచ్చే నెలలో గురుపట్టాభిషేకం. ఇక ఫాదరే. చెల్లెలు అప్పుడే వాడు పూజలో వేసుకునే అంగీకి అంచు కుట్టడం మొదలుపెట్టింది.

థీసిస్ జ్ఞానస్నానం గురించి, అంటే తలమీద నీళ్ళు పోసి ఇచ్చే బాప్తిస్మం గురించి. పరీక్షించే ఆచార్యులు వరసగా కూచున్నారు. తాళాలమ్మ ఒక్కొక్కరి ముందూ మంచినీళ్ళ గ్లాసు పెట్టి, ఖాళీ జగ్గు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. మనవాడు మాట్లాడుతుంటే ఎవరు వెళతారు?

ఆ వరసలో తత్త్వశాస్త్రం ప్రొఫెసరు ఉన్నాడు. దేవుణ్ణి నమ్మడు గానీ, తలుపు తాళం తీసిన ప్రతిసారీ 'థాంక్స్ అమ్మా' అనేవాడు ఆయనొక్కడే. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని అడిగాడు.

"ఒకరు నీళ్ళు పోసి, ఇంకొకరు మాటలు పలికితే ఆ జ్ఞానస్నానం చెల్లదని రాశారు. ఇది కోడిగుడ్డుకి ఈకలు పీకడం కాదా బాబూ? దీనికి యూనివర్సిటీలో చోటెందుకు?"

గుప్పెడు తడుముకోలేదు. "'నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అంటున్నాం కదండీ. ఇస్తున్నానన్న మనిషే ఇవ్వాలి. ఒకరి చెయ్యీ ఇంకొకరి నోరూ కలిపితే ఒక మనిషి అవదు. మా పండితులు వందల ఏళ్ళు వాదించుకుంది సరదాకి కాదు. ఒక తల్లి వచ్చి 'నా బిడ్డకి నిజంగా అందిందా' అని అడిగితే 'ఏమో' అనకూడదు. ఆ 'ఏమో'ని పోగొట్టడానికే ఈ చదువు. మనుషులు భయపడి అడిగే ప్రశ్నకి యూనివర్సిటీలో చోటు లేకపోతే ఇంకెక్కడుంటుందండీ?"

"బాగానే ఉంది. అలా పొరపాటు జరిగినవాడు పెద్దయి ఫాదరైతే?"

"ఫాదరు కాడండీ. అతను చెప్పిన పూజ పూజ కాదు. పాపాలు క్షమించానన్న మాట కూడా నిలవదు."

ప్రొఫెసరు "పాపం ఆయన" అన్నాడు. హాలంతా నవ్వింది. గుప్పెడూ నవ్వాడు. తలుపు దగ్గర తాళాలమ్మ మాత్రం జగ్గు పట్టుకున్న తన చెయ్యి వంక చూసుకుంది.

ఎందుకంటే గుప్పెడు పుట్టిన రోజు నీళ్ళు పోసింది ఆ చెయ్యే.

చెల్లెలికి నొప్పులు ముందే వచ్చేశాయి. డాక్టరు రాకముందే బిడ్డ వచ్చేశాడు. ఒళ్ళు నీలంగా ఉంది, ఏడుపు లేదు. ఇంట్లో ఉన్నది అక్కచెల్లెళ్ళ అమ్మా, తనూ. ప్రాణం పోయేలోగా జ్ఞానస్నానం ఇవ్వాలి, ఎవరైనా ఇవ్వచ్చని అమ్మకి తెలుసు. మాటలు కూడా అమ్మకే తెలుసు. అమ్మ రెండు చేతుల్లోనూ బిడ్డ. గ్లాసు ఈవిడ దగ్గరుంది. "పొయ్యవే, పొయ్యి" అంది అమ్మ. ఈవిడ పోసింది. అమ్మ 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను' అని గబగబా పలికింది. నీళ్ళ చల్లదనానికో, దేవుడి దయకో, బిడ్డ క్యారుమన్నాడు. తరవాత గుడికి తీసుకెళితే ఫాదరు అడిగాడు, నీళ్ళు పోశారా, మాటలు సరిగా పలికారా అని. రెండూ నిజమే. ఎవరు పోశారు, ఎవరు పలికారు అని ఆయన అడగలేదు. అడగాలని ఆయనకి తట్టలేదు, చెప్పాలని వీళ్ళకి తెలీదు. అమ్మ పోయింది. బాలింత ఆ వేళ స్పృహలో లేదు. ఇక తెలిసినది ఈవిడొక్కతే.

హాల్లో చప్పట్లు మోగాయి. వాడు పాసయ్యాడు. "పెద్దమ్మా" అంటూ వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "ఏంటి అంత చల్లగా ఉన్నావు?"

"జగ్గులో మంచు నీళ్ళురా" అంది. జగ్గు ఖాళీగా ఉంది.

అప్పట్నుంచీ ఆవిడ తాళాలు తప్పు తలుపులకి పెట్టడం మొదలుపెట్టింది. గుమ్మంలో అడుగుల చప్పుడైతే వాడే కనిపెట్టి వచ్చాడేమోనని తాళాలగుత్తి చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకునేది. చెల్లెలింటికి వెళితే తెల్లటి గుడ్డ ఒళ్ళో పరుచుకుని కూచునుంది. "అక్కా, సూదిలో దారం ఎక్కించు" అంది. ఎక్కదే! ఎన్నిసార్లు తడిపినా కన్నం పక్కనుంచే పోయింది.

"నీ చేతులకేమైందే?" అంది చెల్లెలు.

"వయసొచ్చింది, నీకు రాలేదా?"

చెప్తే పిల్లవాడి పట్టాభిషేకం ఆగిపోతుంది. పిలిచిన బంధువుల ముందు చెల్లెలికి తల కొట్టేసినట్టవుతుంది. చెప్పకపోతే? మంచాన పడి ఆఖరి ఊపిరి తీస్తున్న ఏ ముసలాడో తన పాపాలన్నీ వాడి చెవిలో పోసి, తేలికపడ్డాననుకుని కళ్ళు మూస్తాడు. వాడి చేతులేమో ఉత్త చేతులు. ఆ ముసలాళ్ళందరూ వరసకట్టి తనవైపు చూస్తున్నట్టు ఉండేది ఆవిడకి.

విభాగానికి పెద్ద అయిన ముసలి ఫాదరు గది దులుపుతూ ఒకరోజు అడిగేసింది. "ఫాదరుగారూ, మా పక్కింటివాళ్ళకి ఒక సందేహం..."

ఆయన అంతా విని పుస్తకం మూశాడు. "చెల్లదమ్మా. అయితే దేవుడు మనల్ని నీళ్ళకి కట్టాడు గానీ, తను కట్టుబడలేదు. ఆ బిడ్డని ఆయన వదిలేశాడని ఎవరూ అనలేరు. కానీ తెలిశాక సరిచెయ్యకపోవడం మాత్రం తప్పు. మీ పక్కింటివాళ్ళ బిడ్డ ఎంతవాడు?"

"పెద్దవాడేనండీ" అని గుడ్డ అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆవిడకి పక్కింటివాళ్ళే లేరని, పక్కనున్నది చాకలిషాపని ఆయనకి తెలుసు.

ఇక ఆగలేకపోయింది. గుప్పెడు తన గదిలో పుస్తకాలు పెట్టెలో సర్దుతున్నాడు. వెళ్ళి తలుపు వేసి, లోపలినుంచి తాళం కూడా వేసింది. తనే పారిపోతుందేమోనని.

"ఏంటి పెద్దమ్మా, కిడ్నాపా?" అన్నాడు.

నిలబడే చెప్పింది. గ్లాసు సంగతి, అమ్మ రెండు చేతుల సంగతి, ఎవరు పోశారో, ఎవరు పలికారో. చెప్తూ నేలవైపే చూసింది.  తల ఎత్తితే, వాడు చేతిలో పుస్తకం పట్టుకుని అలాగే ఉన్నాడు. పెదాలు తెల్లబడ్డాయి.

"అమ్మమ్మ ఒక్క చుక్కైనా పొయ్యలేదా? తడిచెయ్యి కూడా తగలలేదా?"

"లేదురా."

"నువ్వు మనసులోనైనా ఆ మాటలు అనుకోలేదా?"

"నాకు రావురా అప్పటికి. బతికితే చాలు, బతికితే చాలు అనుకున్నాను."

వాడు పెట్టె మీద కూలబడ్డాడు.  "నేను నవ్వాను పెద్దమ్మా. ఆ హాల్లో, నేనూ నవ్వాను" అన్నాడు. వాడి మొహంలో భయం చూసి ఆవిడకి తన భయం రెట్టింపైంది. ఆ గుప్పెడంత నీలం బిడ్డ మళ్ళీ కళ్ళముందుకొచ్చాడు.

"చెప్పకుండా ఉండాల్సిందా?"

"వద్దు, ఆ మాట అనకు." చెయ్యి చాపాడు. "తాళం తియ్యి. ఇప్పుడే వెళ్ళి బిషప్పుగారికి చెప్పాలి. ఇంకాసేపు కూచుంటే నాకు చెప్పకూడదనిపిస్తుంది."

ఆవిడ వేళ్ళకి తాళంచెవి దొరకలేదు. వాడే వెతికి తీశాడు.

పట్టాభిషేకం ఆగింది. బంధువులకి కబురు పెట్టారు. చెల్లెలు అక్క మొహం చూడలేదు. చూసిన రోజున "ఇన్నాళ్ళూ నా కొడుకుని జ్ఞానస్నానం లేకుండా ఎలా ఉంచావే?" అంది.  ఆ ప్రశ్న ఆవిడ రోజూ తనని తనే అడుగుతోంది.

బిషప్పుగారు తన ఇంటి చిన్న ప్రార్థన గదిలో జ్ఞానస్నానం పెట్టారు. జనం లేరు. పక్కన సాక్షిగా ఉండే జ్ఞానతల్లిగా పెద్దమ్మే నిలబడాలన్నాడు గుప్పెడు. "కానీ చేతులు వెనక్కి పెట్టుకో, పెద్దమ్మా. గ్లాసు జోలికి రాకు" అన్నాడు.  చెల్లెలు వచ్చింది. అక్క పక్కనే నిలబడింది.

అంత ఎత్తు మనిషి తొట్టి మీదికి తల వంచాడు. తాళాలమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది. కళ్ళు మూసుకోలేదు, ప్రార్థన చెయ్యలేదు. బిషప్పుగారి పెదాలు చూసింది. ఆయన చెయ్యి చూసింది. మళ్ళీ పెదాలు, మళ్ళీ చెయ్యి. రెండూ ఒకే మనిషివేనని రూఢి చేసుకునేదాకా ఊపిరి తీసుకోలేదు.