సెలూన్ కుర్చీలో ఇస్త్రీ అక్క

ఇస్త్రీ అక్కకు నెలసరి అదుపు తప్పి చాన్నాళ్లయింది. పెట్టె ఎత్తితే నడుం పట్టేస్తోంది, బల్ల ముందు నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. వీధిలో ఎవరి చొక్కా చూసినా అది ఆమె చేతి మడతేనని చెప్పొచ్చు. ఈమధ్య ఆ కాలర్లు కూడా కాస్త నీరసంగానే ఉంటున్నాయి. ఆడవాళ్ల ఆసుపత్రికి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. ముందు డాక్టరమ్మ వీడియో ఫోన్లో చూడాలట. ఆవిడ రమ్మంటేనే లోపలికి పంపుతారట.

ఫోన్ ఇంట్లో లేకపోలేదు. పేరుకు ఇంటిదే, కాపురం మాత్రం మొగుడి సెలూన్లో. అతను దాన్ని అద్దం ముందు దువ్వెనల పక్కన నిలబెట్టి గిరాకీలకు పాటలు వినిపిస్తుంటాడు.

"అది నువ్వు పట్టుకుపోతే నేనేం వినిపించాలి, కత్తెర చప్పుడా?" అంటాడు.

"పదింటికి డాక్టరమ్మ చేస్తుంది. మోగగానే నన్ను కేకెయ్యి," అని ఆ పొద్దున చెప్పి పంపింది.

"ఊ," అన్నాడు.

ఆ "ఊ" సంగతి ఆమెకు పెళ్లైన కొత్తలోనే తెలిసిపోయింది. అందుకే పదవుతుండగా తనే బయల్దేరింది. గుమ్మంలో కాలు పెట్టేసరికి ఫోన్ మోగనే మోగింది. మొగుడి రెండు చేతులకూ సబ్బు నురగ. కుర్చీలో ఉన్న డ్రాయింగు మాస్టారు సాయం చేద్దామని వేలు చాచి నొక్కేశారు.

"నొప్పి ఎక్కడ?" డాక్టరమ్మ తలెత్తకుండానే అడిగింది.

"మెడ దగ్గరండీ. ఈ కుర్చీ కాస్త ఎత్తు," అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ తలెత్తి ఆ తెల్లటి నురగ గడ్డాన్ని చూసింది. "పేషెంటు ఎవరు? ఇప్పుడు పెట్టేస్తే మళ్లీ వచ్చే నెలే."

"ఇక్కడే ఉన్నానమ్మా, పెట్టేయకండి," అంటూ అక్క అడ్డం వచ్చింది. ఇంటికి పట్టుకెళ్లి లాభం లేదు, అక్కడ సిగ్నల్ చాలక బొమ్మ రాదు. నడివీధిలో చెప్పుకునే జబ్బు కాదు. "లేవండి మాస్టారూ."

"సగమే అయిందమ్మా."

"మిగతాది బయట ఆరుతుంది లెండి."

మగాళ్లందరినీ బయటికి తోలి, షట్టర్ సగానికి పైగా దించి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ మీది తువ్వాళ్లు ఇన్నేళ్లుగా ఉతికి ఇస్త్రీ చేసిందే గానీ అందులో ఎప్పుడూ కూర్చోలేదు. గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"వినపడట్లేదు. గట్టిగా చెప్పండి."

షట్టర్ కింద వరసగా చెప్పులు. ఒక్కటీ కదలడం లేదు.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నా."

"పాట పాడు."

"ఏంటీ?"

"రోజూ పాడే ఫోన్ నా దగ్గరుంది కదా. ఇవాళ నువ్వు పాడు."

అతను గొంతు సవరించుకుని అందుకున్నాడు. సాన పట్టని కత్తెరతో తడిజుట్టు కోసినట్టుంది. షట్టర్ కింద చెప్పులు ఒక్కో జతే జారుకున్నాయి, పాడేవాడివి తప్ప. ఆ పాట చాటున అక్క అంతా చెప్పేసింది. నెల వస్తే ఆగకపోవడం, పొత్తికడుపులో మెలిపెట్టడం, రాత్రుళ్లు బట్టలు మార్చుకోవడం, అన్నీ.

"ఇన్నాళ్లు ఎందుకాగారు?"

"ఫోన్ ఖాళీ లేకమ్మా."

డాక్టరమ్మ రాసుకుంటూ ఆగింది. "అక్కడ ఎవరో మూలుగుతున్నారు. వాళ్లకేమైంది?"

"మా ఆయనండి. పాడుతున్నాడు."

"స్కానింగ్ తప్పనిసరి. తారీఖు ఈ నంబరుకే మెసేజ్ వస్తుంది. చూసుకోకపోతే ఆ తారీఖు పోయినట్టే."

షట్టర్ ఎత్తి అక్క ఫోన్‌ను సంచిలో వేసుకుంది.

"అదేంటే, నా గిరాకీ?"

"మెసేజ్ వచ్చేదాకా నాతోనే ఉంటుంది. ఇంట్లో బొమ్మ రాకపోయినా మెసేజ్ వస్తుంది."

"మరి పాటలు?"

"వద్దు నాయనా," అన్నారు మాస్టారు, నురగ ఎండి పెచ్చులు కట్టిన గడ్డంతో కుర్చీలో కూర్చుంటూ. "కత్తెర చప్పుడు చాలు."

అప్పట్నుంచి ఫోన్ ఇస్త్రీ బల్ల మీద చొక్కాల పక్కనే ఉంది. 'టింగ్'మన్నప్పుడల్లా అక్క పెట్టె దించి చూసేది. అన్నీ అడగని అప్పులిస్తామనేవీ, కొనని చీరలవీ. ఒక మధ్యాహ్నం ఆసుపత్రిది వచ్చింది. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివి, నేరుగా సెలూన్‌కు నడిచింది.

"ఎల్లుండి షాపు ముయ్యి. నాతో స్కానింగ్‌కు రావాలి."

అతను కత్తెర కింద పెట్టాడు.

"ఊ," అన్నాడు.