వల్లి పేపరు మొదటి పేజీ

ఏడేండ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండాది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు, నా పేరు మీకు చెప్పను, కాబట్టి మీకే చెప్తాను. కోర్టులో ప్రమాణం చేసి నేనొక అబద్ధం చెప్పినాను. దాంతో ఒక ఆడపిల్ల ఉద్యోగం పోయింది. ఆ ఉద్యోగమే ఇప్పుడు నేను చేస్తా ఉండాను.

చెప్పేసినాను. ఇంత సులభమా? కాదు. అసలుది ఇంకా ఉండాది.

ఆమె పేరు వల్లి అనుకోండి. కార్వేటినగరం పిల్ల. వాళ్ల నాయనకు ఆడ చిన్న చిల్లర అంగడి. తిరుపతిలో, కపిలతీర్థం రోడ్డు పక్క సందులో, ఇద్దరం ఒకే గదిలో ఉండి గ్రూపు పరీక్షకు చదివినాం. నాకది మూడోసారి. వయసు దాటిపోతా ఉండింది కాబట్టి ఆఖరిసారి కూడా. ఆమెకు మొదటిసారి. నోట్లో నాలుక లేని పిల్ల, 'అక్కా అక్కా' అని నా వెంటే తిరిగేది. వ్యాసం ఎట్ల మొదలుపెట్టల్ల, గంటకు ఎన్ని పేజీలు రాయల్ల, అన్నీ నేనే నేర్పించినాను. ఆదివారం ఆదివారం గడియారం ముందర పెట్టుకోని పరీక్ష రాసేవాళ్లం. ఆమె పేపరు నేను దిద్దేదాన్ని. నా పేపరు మాత్రం ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు. మొదట్లో ఆమె పేపరు నిండా నా ఎర్రగీతలే. ఆర్నెల్లు తిరిగేసరికి గీయడానికి ఏమీ మిగల్లేదు. తప్పు కోసం వెతికినాను, నిజంగా, పేజీలు వెనక్కి తిప్పి మరీ వెతికినాను. దొరకలేదని కడుపు మండింది.

ఒకటి మాత్రం దొరికింది. వాళ్ల పక్క తమిళ సరిహద్దు ఊర్లల్లో చాలా ఇండ్లల్లో ఏం రాసినా ముందు కాగితం నెత్తిన పిళ్లయారు సుళి పెడతారు. చిన్న సున్న చుట్టి పక్కకు లాగిన గీత, అంతే. వినాయకుడికి ఒక దండం. అంగడి చీటీకైనా, పెండ్లిపత్రికకైనా అది పడాల్సిందే. వల్లి చెయ్యి కూడా అంతే. పెన్ను కాగితానికి తగిలితే ముందు ఆ సుళి తిరుగుతాది, తర్వాతే అక్షరం. పెట్టినట్టు ఆమెకే తెలిసేది కాదు. మా పరీక్షలో ఏమో జవాబు పేపరు మీద దేవుడి గుర్తు గానీ, ఇంకే గుర్తు గానీ ఉండకూడదు. దిద్దేవాళ్లకు ఎవరి పేపరో తెలిసిపోతాదని. ఆ రూలు నాకు బాగా తెలుసు. ప్రతి ఆదివారం ఆ సుళి చూసినాను. 'మే, అది పెట్టొద్దే' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

మర్చిపోయినానా? అట్ల నమ్మించుకోవాలని చాలా ఏండ్లు చూసినాను. లేదు, మర్చిపోలేదు. ప్రతిసారీ నోటిదాకా వచ్చింది, ప్రతిసారీ మింగినాను. ఊరుకున్నందుకు ఏ కోర్టులోనూ శిక్ష లేదు. అందుకే దీన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఫలితాలొచ్చినాయి. ఆమె పేరు ఉండాది, నాది లేదు. మార్కుల వరసలో ఆమె తర్వాత నేనే, ఒక్క ఉద్యోగం తక్కువై ఆగిపోయినాను. రెండు రోజులకు వల్లి ఊరి నుంచి సంచి నిండా బేనీషా మామిడికాయలు మోసుకోని గదికొచ్చింది. వస్తానే నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నువ్వు చెప్పిందే రాసినానక్కా. ఇది నీదే."

"నాది యాడుందే, నీకొచ్చిండాది గదా," అన్నాను. నవ్వుతానే అన్నాను.

"నువ్వు దిగులు పడొద్దక్కా. వయసు పెంచుతారని అంటాండారు. పెంచితే మళ్లీ రాద్దువు. నా నోట్సంతా నీకిచ్చేస్తా. నీ పేపర్లు నాకియ్యి, యాడ తప్పు పోతాందో నేను సూసి చెప్తా."

నేను సూసి చెప్తా, అంట! నా దగ్గర రాయడం నేర్చుకున్న పిల్ల నా పేపరు దిద్దుతాదంట! ప్రేమతోనే అనింది. అది నాకు తెలుసు. తెలిసే కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఆమె తిట్టినా, పొగరు చూపించినా ఓర్చుకునేదాన్నేమో, ఆ జాలిని మాత్రం ఓర్చుకోలేకపోయినాను. ఆ కాయల్లో ఒక్కటి కూడా నేను ముట్టలేదు. మూలన పెట్టి కుళ్లబెట్టినాను.

ఆ నెలలోనే ఉద్యోగం రానివాళ్లు కొందరు పేపర్లు దిద్దడంలో మోసం జరిగిందని కోర్టుకు పోయినారు. నేనూ చేరినాను. అందరూ ఏవేవో అనుమానాలు చెప్తా ఉంటే నేను లాయరుతో ఒకటే మాట అన్నాను, ఫలానా నంబరు పేపరు తెప్పించి మొదటి పేజీ చూడండి అని. అప్పటికి ఆ పేపరును ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. చూడకుండానే అంత ధైర్యంగా చెప్పినాను, చూడండి! పేపరొచ్చింది. సుళి ఉండాది, ఆమె చేతి సుళి.

లాయరు మంచాయనే. అబద్ధం చెప్పమని నన్ను అడగలేదు. గుర్తు ఒక్కటే అయితే పొరపాటని వదిలేస్తారమ్మా, దిద్దేవాళ్లతో ముందే మాట్లాడుకోని పెట్టిందని తెలిస్తేనే మోసమవుతాది అన్నాడు, అంతే. ఆయన ఇంకో ఫైలు తీస్తా ఉంటే నేను "నాతో చెప్పింది సార్" అన్నాను. ఆ మాట ఎట్ల వచ్చింది నా నోట్లోంచి? ఇప్పటికీ అడుగుతా ఉంటాను. ఎట్లనో రాలేదు. ఆర్నెల్ల ఆదివారాల నుంచి లోపల తయారై ఉండింది. దాన్నే అఫిడవిట్‌గా రాసినారు. గుర్తు చూసి మార్కులేసేటట్టు మనిషిని మాట్లాడుకున్నానని వల్లి తనంతట తానే నాతో చెప్పినట్టు. పేజీ పేజీకీ సంతకం పెట్టినాను.

ఆ మనిషెవరని వెతికినారు. ఉంటే గదా దొరికేది. మిగతావాళ్ల అనుమానాలు ఒక్కటీ నిలబడలేదు, ఆమె పేపరొక్కటే నిలబడింది. ఆ గుర్తూ, నా అఫిడవిట్టూ చాలని ఆమె ఎంపిక కొట్టేసినారు. ఆ చోటు వరసలో నాకొచ్చింది. తీర్పు రోజు కోర్టు వరండాలో వాళ్ల నాయన నా పక్కే చూడలేదు. వల్లి చూసింది. 'ఎందుకక్కా' అని అడుగుతాదేమో అని భయపడినాను. వాళ్ల నాయన చెయ్యి పట్టుకోని మెట్లు దిగి పోయింది.

ఉద్యోగమొచ్చింది గదా, కుళ్లు పోయిందా? పోలేదు. పోయినేడు తనిఖీకి కార్వేటినగరం పోయినాను. అంగడి పక్క వసారాలో పదిహేను మంది పిల్లోళ్లకు ఆమె పరీక్షలకు చెప్తాంది. ఒకమ్మాయి పేపరు దిద్దుతా ఏదో అనింది, అందరూ పకపకా నవ్వినారు, ఆమె కూడా నవ్వింది. నేను జీపులోంచి దిగలేదు. ఆమె కుర్చీలో కూర్చున్నది నేను. జీతం నాది, జీపు నాది. అయినా ఆ నవ్వు చూసి ఏడ్చింది నేనే. థూ, ఏం బతుకు ఇది? అంతా లాక్కున్నాక కూడా ఆమె దగ్గర ఇంకా ఏముందని నాకు ఓర్వలేనితనం?

ఆ తీర్పు మీద ఆమె వేసిన అప్పీలు ఇప్పుడు విచారణకొచ్చింది. గెలిస్తే మొదటి రోజు నుంచే ఉద్యోగం లెక్కేస్తారు, అంటే నాకంటే సీనియరు. అది విన్నప్పుడు నాకు ముందు తట్టింది ఏమిటో తెలుసా? జైలు కాదు, పరువు కాదు. ఆమె ముందర నిలబడి 'మేడమ్' అనాల్సొస్తాదే అని. ఛీ అనిపించింది నా మీద నాకే. అట్ల ఛీ అనుకుంటానే ఇంకో నెల గడిపినాను.

ఈ పొద్దు చిత్తూరులో ఉన్న ఆమె లాయరు దగ్గరికి పోయినాను. నా చేత్తో రాసిన కాగితం ఇచ్చినాను. వల్లి నాతో ఏ మనిషి సంగతీ చెప్పలేదు, ఆ అఫిడవిట్‌లో నేను చెప్పింది అబద్ధం, ఆమె మీద కుళ్లుతో చెప్పినాను అని రాసి కింద నా అసలు పేరుతో సంతకం పెట్టినాను. ఆయన రెండుసార్లు చదివినాడు. దీంతో నీ ఉద్యోగం పోవచ్చు, కేసు కూడా పడొచ్చు, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ఆమెకేమన్నా చెప్పమంటావా అన్నాడు. వద్దన్నాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

బయటికొచ్చి ఎండలో నిలబడినాను. ఏడేండ్ల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. మంచిదాన్నైపోయినానని అనుకోవద్దండి. ఆమె గెలవడం నాకిప్పటికీ ఇష్టం లేదు. అయినా కాగితం ఇచ్చేసినాను.