ఏడ్చింది ఎవరు?

నా చిన్నప్పుడు మా బడిలో పెదవులు కదపకుండా చదవడమే గొప్ప. అయ్యవారు అలా చదివేవాళ్లనే మెచ్చుకునేవారు. నాకు ఆ విద్య కొత్తగా అబ్బిన రోజుల్లోనే కోయిలకుంట్ల నుంచి మా బావ రాసిన కార్డు వచ్చింది.

అక్క అత్తవారింటికి వెళ్లి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. బస్సెక్కేటప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపు ఇంకా నా కళ్ల ముందే ఉంది. అమ్మానాన్నలకు చదువు రాదు. నాన్న మగ్గం ఆపి, అమ్మ నూలు చుట్టడం ఆపి నా వైపే చూస్తున్నారు. నేను మనసులోనే గబగబా చదివేశాను. బావకు కామాలు పెట్టే అలవాటు లేదు. ‘మొన్న మీ అమ్మాయి ఏడుస్తూ వచ్చిన మా చెల్లెలికి అన్నం పెట్టింది’ అని ఉంది.

“అక్క ఏడుస్తాండాదంట,” అన్నాను.

అమ్మ లేచి నిలబడింది. “ఏమన్నారో ఏమో బిడ్డను. ఇప్పుడే పోదాం.”

మా ఇంట్లోనే ఉండే మేనత్తకు చదువు వచ్చు. అయినా ఆమె కార్డు అందుకోలేదు. “గట్టిగా చదువు మే,” అంది. చదివాను. ‘ఏడుస్తూ’ దగ్గర నా గొంతు ఆగింది.

“ఈసారి ‘అమ్మాయి’ కాడ నిలువు. తక్కినదంతా ఒక్క ఊపిరిలో చదువు.”

అలాగే చదివాను. ఒక్క మాటా మారలేదు. ఏడుపు మాత్రం అక్కను వదిలి బావ చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది.

“నోరు మూసుకున్నా లోపల ఒక గొంతు చదువుతానే ఉంటాది మే. అది యాడ నిలిస్తే ఆడ అర్థం తెగుతాది. అక్క మీద నీకు దిగులు. అందుకే ఆడ నిలిచినావు,” అంది అత్త.

“మరి ఏది నిజం?” అన్నాడు నాన్న.

“కార్డు ఏం చెప్తాదప్పా? పోయి చూడల్ల.”

మరునాడు పొద్దున అమ్మా నేనూ బస్సెక్కాం. మేం వెళ్లేసరికి అక్క అరుగు మీద కూర్చుని బావ చెల్లెలికి తల దువ్వుతోంది. ఆమె మొగుడితో పోట్లాడి పుట్టింటికి వచ్చిందట. ఏడ్చింది ఆమే. ఇప్పుడు ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. అమ్మను చూడగానే మాత్రం అక్క దువ్వెన వదిలేసి నిజంగానే ఏడ్చింది. ఎందుకని అమ్మ అడగలేదు. పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడిచింది. రెండు రోజులు ఉండి వచ్చాం.

ఇప్పటికీ మనసులో చదువుకుంటున్నప్పుడు ఆ లోపలి గొంతును వింటూనే ఉంటాను. గుండె ఝల్లుమనిపించే వాక్యం ఎదురైతే ఊపిరి పీల్చుకుని, మరోచోట ఆగి, మళ్లీ చదువుతాను. అప్పటికీ తేలకపోతే, ఆ మనిషిని చూడడానికి బయలుదేరతాను.